అర టన్ను కోసం ఓ రాకెట్

పసిఫిక్ మహాసముద్రంలో, క్వాజలీన్ పగడపు దీవుల వలయంలో ఒమెలెక్ అని ఒక దిబ్బ ఉంది. కొలిస్తే ఎనిమిదెకరాలు. 2006 మార్చి 24న అక్కణ్ణించి ఒక రాకెట్ లేచింది. లేస్తూనే ఇంజిన్ దగ్గర మంటలంటుకున్నాయి. అరనిమిషం గడిచేసరికి ఇంజిన్ ఆగిపోయి, అది దీవి పక్కనే నీళ్లలో కూలింది. దాని కొసన ఉన్న ఉపగ్రహం మాత్రం విడిపోయి గాల్లోకి ఎగిరి, దీవి మీదున్న వర్క్‌షాపు పైకప్పు చీల్చుకుని లోపల పడింది. ఏ పెట్టెలో పెట్టి దాన్ని దీవికి తెచ్చారో, ఆ పెట్టెకు కొద్ది అడుగుల దూరంలోనే. అమెరికా వైమానిక దళ అకాడమీ విద్యార్థులు కట్టిన ఇరవై కిలోల ఉపగ్రహం అది. ఇంతకీ జరిగిందేమిటంటే, ఇంధనపు గొట్టాన్ని బిగించిన అల్యూమినియం నట్టు ఒకదాన్ని ఉప్పుగాలి తినేసింది. అది పగిలి కిరోసిన్ కారింది.

రాకెట్ పేరు ఫాల్కన్-1. కట్టింది స్పేస్‌ఎక్స్. ఇప్పుడు ఆ పేరు వింటే భారీ రాకెట్లే గుర్తొస్తాయి గానీ, ఆ కంపెనీ మొదలైంది 21 మీటర్ల ఈ చిన్న రాకెట్‌తోనే. కొన్ని వందల కిలోల సరుకును చవగ్గా కక్ష్యలో పెట్టాలన్నది దాని ఆలోచన. అదే ఆలోచనతో తర్వాత రెండు దశాబ్దాల్లో ఎన్నో దేశాల్లో ఎన్నో కంపెనీలు పుట్టాయి. వాటిలో చాలామటుకు ఇప్పుడు లేవు. మిగిలినవాటి చరిత్ర చూస్తే నాకొకటి అనిపిస్తుంది: పెద్ద రాకెట్‌ను కుదించి చిన్న రాకెట్ చేసినవాళ్లెవరూ లేరు. పెద్ద రాకెట్లో తప్పనిసరి అనుకున్నదాన్ని దేన్నో ఒకదాన్ని ఏకంగా తీసి పారేసినవాళ్లే గట్టెక్కారు.

ముందు చిన్నవైంది ఉపగ్రహాలు. 1999లో స్టాన్‌ఫర్డ్‌లో బాబ్ ట్విగ్స్, కాలిఫోర్నియా పాలిటెక్నిక్‌లో జోర్డీ పుయిగ్-సువారీ అనే ఇద్దరు ఆచార్యులకు ఒక చిక్కొచ్చింది. విద్యార్థి చదువు ముగిసేలోగా ఒక ఉపగ్రహాన్ని మొదలుపెట్టి పూర్తి చేయగలగాలి. అంటే అది ఎంత చిన్నదైతే అంత మంచిది. బీనీ బేబీ అనే బొమ్మలు పెట్టి అమ్మే ప్లాస్టిక్ డబ్బా ట్విగ్స్ కంటపడింది. ఆ కొలత నుంచే పుట్టింది క్యూబ్‌శాట్: పది సెంటీమీటర్ల ఘనం, బరువు కిలో అటూఇటూ. మొదటి విడత క్యూబ్‌శాట్లు 2003 జూన్ 30న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి వెళ్లాయి. సెల్‌ఫోన్ల పుణ్యమా అని కెమెరాలు, చిప్పులు, బ్యాటరీలు ఏడాదికేడాది చిన్నవై చవకయ్యాయి. కాలేజీ పిల్లల కోసం అనుకున్న డబ్బా మెల్లగా వ్యాపారమైంది.

మరి వాటిని పైకి తీసుకెళ్లేదెవరు? పెద్ద ఉపగ్రహంతో వెళ్లే రాకెట్లో మిగిలిన మూలలే వాటికి దిక్కు. ఇందులో మన ఇస్రోది పెద్ద చెయ్యి. 1999 మే 26న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ2, ఓషన్‌శాట్‌తో పాటు ఒక కొరియా ఉపగ్రహాన్నీ ఒక జర్మనీ ఉపగ్రహాన్నీ మోసుకెళ్లింది. 2017 ఫిబ్రవరి 15న ఒకే పీఎస్‌ఎల్‌వీ 104 ఉపగ్రహాలను వదిలింది. అందులో 88 ప్లానెట్ అనే ఒక్క అమెరికా కంపెనీవే. అయితే ఇది ఆర్టీసీ బస్సు ప్రయాణం. బస్సు బయల్దేరినప్పుడే బయల్దేరాలి, అది ఆగిన చోటే దిగాలి. పెద్ద ఉపగ్రహం ఆలస్యమైతే చిన్నవన్నీ కూర్చుని ఎదురుచూడాలి. దాని కక్ష్య ఏదైతే వీటికీ అదే. సరాసరి గుమ్మం దగ్గర దింపే ఆటో ఉంటే బాగుండునని అందరికీ ఉంది. ఆటోకి అయ్యే ఖర్చే ఎవరికీ అంతుబట్టలేదు.

ఎందుకంటే రాకెట్‌ను చిన్నది చేస్తే ఖర్చు ఆ నిష్పత్తిలో తగ్గదు. దారి చూపే కంప్యూటరు, దారి తప్పితే పేల్చేసే ఏర్పాటు, నేల మీద రాడార్లు, కాపలా, అనుమతులు, వీటిలో ఏదీ రాకెట్ సైజును బట్టి చిన్నదైపోదు. పైగా గాలి ఒకటి. రాకెట్ కొలతలు సగం చేస్తే గాలిని చీల్చే ముఖం నాలుగో వంతవుతుంది గానీ, లోపలి ఇంధనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన చిన్న రాకెట్ గాలికి చెల్లించే పన్ను ఎక్కువ. కక్ష్యలో నిలవాలంటే సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగం కావాలి. సరుకు చిన్నదని భౌతికశాస్త్రం అందులో రాయితీ ఇవ్వదు.

1982లోనే టెక్సస్ తీరంలో మాజీ వ్యోమగామి డీక్ స్లేటన్ ఆధ్వర్యంలో ఒక కంపెనీ, పాత క్షిపణి మోటారు ఒకటి కొని కోనెస్టోగా అనే రాకెట్ ఎగరేసింది. అది కక్ష్య దాకా పోలేదు. కక్ష్యకు చేరిన మొదటి ప్రైవేటు రాకెట్ ఆర్బిటల్ సైన్సెస్ కంపెనీ పెగాసస్. 1990 ఏప్రిల్ 5న దాన్ని బీ-52 విమానం రెక్క కింద కట్టి, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలారు. వాళ్లు తీసి పారేసింది లాంచ్‌ప్యాడ్‌ని, దాంతో పాటు దట్టమైన కింది గాలిని. తెలివైన పనే. కానీ విమానాన్ని పోషించడం లాంచ్‌ప్యాడ్‌ని పోషించడం కంటే చవకేమీ కాదని తర్వాత తేలింది. 2019లో నాసా ఒక చిన్న ఉపగ్రహాన్ని పెగాసస్ మీద పంపేందుకు ఐదు కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టింది.

మళ్లీ ఒమెలెక్ దగ్గరికి. 2007 మార్చిలో రెండో ఫాల్కన్-1 అంతరిక్షం దాకా వెళ్లింది. రెండో దశ ట్యాంకులో ద్రవం ఊగి ఊగి రాకెట్‌ను తిప్పేసింది. మూడోది 2008 ఆగస్టు 3న. దాని కథ ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా చెప్పదగ్గది. మొదటి దశ ఇంజిన్‌ను ఆపేశాక కూడా లోపల మిగిలిన ఇంధనం కాసేపు బలహీనంగా తోస్తూనే ఉంది. దశలు విడిపోయాక కిందిది పైకొచ్చి పైదాన్ని గుద్దింది. నేల మీద పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదు? ఆ మిగులు ఒత్తిడి భూమి మీది గాలి ఒత్తిడి కంటే తక్కువ. గాలి ఉన్నచోట దాని తోపు కనబడదు, గాలి లేనిచోట కనబడుతుంది. విరుగుడు ఏమిటంటే ఇంజిన్ ఆగడానికీ దశలు విడిపోవడానికీ మధ్య వ్యవధిని ఇంకాస్త పెంచడం. అంతే. అప్పటికి కంపెనీలో డబ్బు అడుగంటింది. ఎనిమిది వారాల్లో, సెప్టెంబరు 28న, నాలుగోది వెళ్లింది. ఈసారి ఎవరి ఉపగ్రహాన్నీ పెట్టలేదు, 165 కిలోల ఉత్త బరువును పెట్టారు. అది కక్ష్యకు చేరింది. ద్రవ ఇంధనంతో ఒక ప్రైవేటు కంపెనీ కట్టిన రాకెట్ కక్ష్యకు చేరడం అదే మొదటిసారి.

ఆ డిసెంబరులో నాసా స్పేస్‌ఎక్స్‌కు 160 కోట్ల డాలర్ల సరుకు రవాణా కాంట్రాక్టు ఇచ్చింది. 2009 జులైలో ఒక మలేసియా ఉపగ్రహాన్ని మోసి ఫాల్కన్-1 రిటైరైంది. వీళ్లు తీసి పారేసింది ఏమిటయ్యా అంటే చిన్న రాకెట్‌నే.

ఇక అసలు కథ న్యూజిలాండ్‌ది. పీటర్ బెక్ ఆ దేశపు దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్ ఊళ్లో పుట్టాడు. యూనివర్సిటీ మెట్లు ఎక్కలేదు. ఫిషర్ అండ్ పేకెల్ అనే గృహోపకరణాల కంపెనీలో పనిముట్లు తయారుచేసే విభాగంలో అప్రెంటిస్‌గా చేరాడు. పగలు వాషింగ్ మెషీన్ల లోకం, తీరిక దొరికితే సైకిల్‌కి రాకెట్ ఇంజిన్ బిగించడం. 2006లో రాకెట్ ల్యాబ్ పెట్టాడు. తొలి పెట్టుబడిదారుల్లో ఒకాయన ఇంటిపేరు చట్టప్రకారం 'రాకెట్' అని మార్చుకున్న మనిషి, మార్క్ రాకెట్. అలాంటివాళ్లు తప్ప అప్పటికి న్యూజిలాండ్‌లో రాకెట్ మీద డబ్బు పెట్టేవాళ్లు లేరు మరి. 2009 నవంబరు 30న గ్రేట్ మెర్క్యురీ దీవి నుంచి ఆటేయా-1 అనే చిన్న పరిశోధక రాకెట్ ఎగరేశారు. ఆ తర్వాత మొదలైంది ఎలక్ట్రాన్.

ఎలక్ట్రాన్ ఎత్తు 18 మీటర్లు, మందం 1.2 మీటర్లు, మోయగలిగేది 300 కిలోలు. ఒళ్లంతా కార్బన్ ఫైబరు. కానీ దాని అసలు సంగతి పంపులో ఉంది. కొంచెం ఓపిక పడితే చెబుతాను, చిన్న రాకెట్ల గుట్టంతా ఇక్కడే ఉంది.

రాకెట్ ఇంజిన్‌లో మంట మండే గదిలో ఒత్తిడి చాలా ఎక్కువ. ఆ ఒత్తిడికి ఎదురెళ్లి కిరోసిన్‌నీ ద్రవ ఆక్సిజన్‌నీ లోపలికి తోయాలి. ట్యాంకులోనే అంత ఒత్తిడి పెట్టొచ్చు గానీ, అప్పుడు ట్యాంకు గోడలు మందమై రాకెట్ లేవదు. అందుకని పంపు పెడతారు. ఆ పంపును తిప్పడానికి ఒక టర్బైను. ఆ టర్బైను తిరగడానికి, ఉన్న ఇంధనంలోనే కొంత పక్కన మండించి వేడి వాయువు తయారుచేస్తారు. ఫలితంగా ఒకవైపు ఎర్రగా కాలే వాయువు, మరోవైపు సున్నాకు 183 డిగ్రీలు కింద ఉండే ఆక్సిజన్, నిమిషానికి వేలాది చుట్లు తిరిగే యంత్రంలో పక్కపక్కన కాపురం. రాకెట్ ఇంజినీర్ల నిద్ర చెడగొట్టేది ఈ భాగమే. దీన్ని చిన్నది చేస్తే కష్టం ఇంకా పెరుగుతుంది. రెక్కలకూ చుట్టూ ఉన్న గోడకూ మధ్య సందును అదే నిష్పత్తిలో తగ్గించలేం. ఆ సందులోంచి కారిపోయేది ఎక్కువై పంపు సామర్థ్యం పడిపోతుంది.

బెక్ బృందం టర్బైన్‌నే తీసేసింది. దాని స్థానంలో బ్యాటరీతో తిరిగే బ్రష్‌లెస్ మోటారు పెట్టింది. ఒక్కో ఇంజిన్‌కు రెండు మోటార్లు, కిరోసిన్‌కొకటి, ఆక్సిజన్‌కొకటి. ఒక్కోటి 37 కిలోవాట్ల శక్తితో నిమిషానికి 40,000 చుట్లు తిరుగుతుంది. మొదటి దశలో తొమ్మిది ఇంజిన్లు. వాటన్నిటికీ కలిపి బ్యాటరీలు మెగావాట్ పైనే కరెంటివ్వగలవు. ఆలోచన పాతదే కావచ్చు, అంత శక్తినిచ్చే తేలికపాటి బ్యాటరీలు మాత్రం ఫోన్లూ డ్రోన్లూ విద్యుత్ కార్లూ వచ్చేదాకా లేవు. ఉపగ్రహాన్ని చిన్నది చేసిన పరిశ్రమే దాన్ని మోసే రాకెట్‌కి పంపునూ ఇచ్చిందన్నమాట. ఇంజిన్‌కి న్యూజిలాండ్‌లో పుట్టిన అణుశాస్త్రవేత్త పేరు పెట్టారు, రూథర్‌ఫర్డ్ అని. మండే గది, పంపులు, ముఖ్యమైన వాల్వులు త్రీడీ ప్రింటర్లో తయారుచేస్తారు.

దీనికీ ఒక లోపం ఉంది. ఇంధనం కాలేకొద్దీ ట్యాంకు తేలికవుతుంది, బ్యాటరీ ఖాళీ అయినా బరువు తగ్గదు. అందుకే రెండో దశ మండుతుండగానే ఖాళీ అయిన బ్యాటరీలను ఊడదీసి పారేస్తారు. నాకు ఈ రాకెట్లో అన్నిటికంటే నచ్చిన మొండి ఉపాయం ఇదే. ఇంకో సంగతి: పెద్ద ఇంజిన్‌కి ఈ పద్ధతి గిట్టుబాటు కాదు. రాకెట్ ల్యాబ్ తన తర్వాతి పెద్ద రాకెట్ న్యూట్రాన్‌కి మళ్లీ టర్బైన్లనే ఎంచుకుంది.

ప్రయోగానికి మాహియా ద్వీపకల్పంలో గొర్రెల మేతభూముల పక్కన సొంత లాంచ్‌ప్యాడ్ కట్టుకున్నారు. ఎదురుగా ఖాళీ సముద్రం, పైన విమానాల రద్దీ లేదు. 2017 మే 25న తొలి ఎలక్ట్రాన్ వెళ్లింది. ప్రయోగానికి పెట్టిన పేరు 'ఇదొక పరీక్ష'. నాలుగు నిమిషాలకు, 224 కిలోమీటర్ల ఎత్తులో, నేల మీద సమాచారం అందుకునే పరికరం తడబడింది. రాకెట్ ఎక్కడుందో తెలియకపోతే ఆపేయాలన్నది భద్రతా నియమం. ఆపేశారు. తర్వాత చూస్తే రాకెట్లో ఏ లోపమూ లేదు. బయటి కాంట్రాక్టరు పరికరంలో ఒక అమరిక సరిగా పెట్టలేదు, అంతే. నిక్షేపంగా ఉన్న రాకెట్‌ను చేజేతులా ఆపేసుకున్నవాళ్ల మనఃస్థితి ఏమిటో గానీ, రెండో ప్రయోగానికి 'ఇంకా పరీక్షే' అని పేరు పెట్టారు. 2018 జనవరి 21న అది కక్ష్యకు చేరింది. ప్లానెట్ ఉపగ్రహం ఒకటి అందులో ఉంది. ఏడాది కిందట శ్రీహరికోట నుంచి 88 పంపిన ఆ ప్లానెట్ కంపెనీయే. అదే ఏడాది నవంబరులో మొదటి పూర్తిస్థాయి వాణిజ్య ప్రయోగం జరిగింది. 2022 జూన్‌లో 25 కిలోల క్యాప్‌స్టోన్ అనే నాసా ఉపగ్రహాన్ని ఎలక్ట్రాన్ ఏకంగా చంద్రుడి దారి పట్టించింది. 2024లో ఈ రాకెట్ 16 సార్లు ఎగిరింది. మధ్యలో వైఫల్యాలూ ఉన్నాయి, 2020లో, 2021లో, 2023లో.

అయినా ఆటోవాడికి చిక్కు తప్పలేదు. 2019 ఆగస్టులో స్పేస్‌ఎక్స్ మళ్లీ చిన్న ఉపగ్రహాల వైపు చూసింది, ఈసారి పెద్ద రాకెట్‌తోనే. ఫాల్కన్-9లో 200 కిలోలకు పది లక్షల డాలర్లు, ఆపైన కిలోకు ఐదు వేలు, క్రమం తప్పకుండా ప్రయోగాలు అని ప్రకటించింది. 2021 జనవరి 24న ఒకేసారి 143 ఉపగ్రహాలు పంపి ఇస్రో 104 రికార్డును దాటేసింది. ఎలక్ట్రాన్ ధర అప్పటికి 75 లక్షల డాలర్ల వైపు నడుస్తోంది. 300 కిలోలు నిండా నింపినా కిలో 25,000. ఐదింతలు. ఈ దెబ్బకో, సొంత తప్పులకో, చేతిలో డబ్బయిపోయో కంపెనీలు ఒక్కొక్కటే రాలిపోయాయి. వెక్టర్ 2019లో దివాలా తీసింది. పెగాసస్ దారిలోనే బోయింగ్ 747 రెక్క కింద రాకెట్ కట్టిన వర్జిన్ ఆర్బిట్, 2023 జనవరిలో ఇంగ్లండ్ నుంచి చేసిన ప్రయోగంలో ఇంధనపు దారిలోని చిన్న ఫిల్టర్ ఊడి విఫలమైంది. ఏప్రిల్‌లో దివాలా. లాంగ్ బీచ్‌లోని దాని ఫ్యాక్టరీని కొనుక్కుంది ఎవరో కాదు, రాకెట్ ల్యాబ్.

పెద్ద రాకెట్ కడితే టోపీ తింటానని పంతం పట్టిన బెక్, 2021 మార్చిలో న్యూట్రాన్‌ను ప్రకటిస్తూ ఒక టోపీని మిక్సీలో వేసి కెమెరా ముందు నిజంగానే కొంత నమిలాడు.

హైదరాబాద్ స్కైరూట్ కథ ఈ గందరగోళం నడుమ మొదలైంది. పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా ఇద్దరూ ఇస్రోలో పనిచేసినవాళ్లు. 2018లో ఉద్యోగాలు వదిలి కంపెనీ పెట్టారు. అప్పటికి మన దేశంలో ప్రైవేటు కంపెనీ రాకెట్ ప్రయోగించడానికి దారే లేదు. అనుమతులిచ్చే ఇన్-స్పేస్ సంస్థను కేంద్రం ప్రకటించింది 2020 జూన్‌లో. అంటే రోడ్డు పడకముందే బండి కొన్నారు, ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

వీళ్లు పంపునే వదిలేశారు. వాళ్ల రాకెట్ విక్రమ్-1లో మొదటి మూడు దశలూ ఘన ఇంధనానివి. గట్టిపడిన ఇంధనాన్ని కార్బన్ ఫైబరు గొట్టంలో నింపి నిప్పంటించడమే, తిరిగే భాగాలు దాదాపు ఉండవు. ముందే తయారుచేసి దాచుకోవచ్చు, త్వరగా నిలబెట్టి ఎగరేయొచ్చు. హైదరాబాద్‌కి ఇది కొత్త విద్య కాదు. డీఆర్‌డీఓ క్షిపణి ప్రయోగశాలలు, క్షిపణులు తయారుచేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని, వాటికి విడిభాగాలు చేసే చిన్నా పెద్దా కార్ఖానాలు ఈ ఊళ్లో దశాబ్దాలుగా ఉన్నాయి. ఘన ఇంధనంతో చిక్కేమిటంటే, అంటించాక ఆపలేం, కచ్చితమైన కక్ష్య రావడం కష్టం. దాన్ని దిద్దడానికి కొసన రామన్ అనే చిన్న ద్రవ ఇంధన ఇంజిన్ పెట్టారు. ఘన మోటార్లకు కలాం పేరు. ఇస్రో తన చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీకి కూడా ఇంచుమించు ఇదే అమరిక ఎంచుకుంది.

2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి వాళ్ల పరీక్షా రాకెట్ విక్రమ్-ఎస్ ఎగిరింది. ఆంధ్రప్రదేశ్‌కి చెందిన ఎన్-స్పేస్‌టెక్ పరికరం సహా మూడు పేలోడ్లు. దేశంలో ప్రైవేటు రాకెట్ ఎగరడం అదే తొలిసారి, సంబరం న్యాయమే. కానీ అది చేరింది 89.5 కిలోమీటర్లు, వేగం ధ్వనికి ఐదు రెట్లు. చాలామంది అంతరిక్షపు గడపగా లెక్కించే వంద కిలోమీటర్ల గీత ఇంకా పైనే ఉంది. దాని వేగం కూడా కక్ష్యకు కావలసినదాంట్లో ఐదో వంతే. అసలు పరీక్ష విక్రమ్-1. 30 టన్నుల ఇంధనం పట్టే దాని మొదటి దశ కలాం-1200ను 2025 ఆగస్టులో శ్రీహరికోటలో నేల మీద బిగించి మండించి చూశారు. నవంబరు 27న ప్రధాని మోదీ హైదరాబాద్‌లోని వాళ్ల కొత్త ప్రాంగణాన్ని ప్రారంభిస్తూ రాకెట్‌ను లోకానికి చూపించారు.

శ్రీహరికోటకు ఒక చిక్కుంది. ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు పోవాలంటే రాకెట్ దక్షిణానికి వెళ్లాలి, దారిలో శ్రీలంక. అందుకని ముందు ఆగ్నేయంగా వెళ్లి తర్వాత మలుపు తిరగాలి. ఆ మలుపుకు ఖర్చయ్యే ఇంధనం పీఎస్‌ఎల్‌వీకి భరించదగ్గదే, చిన్న రాకెట్‌కి మోసే సరుకులో పెద్ద కోత. తమిళనాడు కొసన కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో పునాది వేసింది అందుకే.

బరువుల లెక్క చూడండి. విక్రమ్-1 దిగువ కక్ష్యకు అర టన్నుకు లోపే మోస్తుందంటున్నారు. ఎస్‌ఎస్‌ఎల్‌వీ 500 కిలోలు, దాని తయారీ పరిజ్ఞానాన్ని 2025లో హెచ్‌ఏఎల్ 511 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. ఐఐటీ మద్రాసులో పుట్టిన అగ్నికుల్, ఒకే ముక్కగా ప్రింట్ చేసిన ఇంజిన్‌తో 2024 మే 30న పరీక్షా ప్రయోగం చేసింది, దాని లక్ష్యం 300 కిలోలు. ముగ్గురూ అర టన్ను లోపు సరుకు కోసమే. స్టాండులో మూడు ఆటోలున్నాయి, ఎదురుగా స్పేస్‌ఎక్స్ బస్సు తిరుగుతూనే ఉంది. తొందరగా వెళ్లాల్సిన సైనిక ఉపగ్రహాలు, చెడిపోయిన ఉపగ్రహం స్థానంలో సరిగ్గా అదే కక్ష్యకు పంపాల్సినవి, ఎవరితోనూ పంచుకోలేని ప్రయాణాలు, వీటికి ఎక్కువ ధర ఇచ్చేవాళ్లున్నారని ఎలక్ట్రాన్ నిరూపించింది. ముగ్గురికి సరిపడా ఉన్నారా అన్నదే లెక్క. ఎలక్ట్రాన్‌ను ఇన్నిసార్లు ఎగరేసిన రాకెట్ ల్యాబ్‌కే ఇవాళ ఆదాయంలో పెద్ద వాటా ప్రయోగాల మీద రావడం లేదు. ఇతరులకు ఉపగ్రహాలు, వాటి విడిభాగాలు చేసిపెట్టడం మీద వస్తోంది. హైదరాబాద్‌లో ఆ పనిని ధ్రువ స్పేస్ అనే మరో కంపెనీ 2012లోనే మొదలుపెట్టింది.